911 మారినప్పుడల్లా ఈ గోలేంటి? హాఫ్ బాయిల్ లైట్ల నుంచి హైబ్రిడ్ దాకా

తమ్ముడూ, నువ్వడిగింది రెండు సంగతులు. ఒకటి, కొత్త పోర్షే 911 లో మధ్యలో ఉండే గుండ్రటి ఆర్పీఎం మీటరు తీసేసి స్క్రీన్ పెట్టారు, తిప్పి స్టార్ట్ చేసే పిడి బదులు బటన్ పెట్టారు, జీటీఎస్ మోడల్ని హైబ్రిడ్ చేసారు, ఫ్యాన్స్ అందరూ "911 అయిపోయింది" అని ఏడుస్తున్నారు, 1997 లో 996 (911 లో ఒక్కో తరానికి కంపెనీ పెట్టుకునే నంబరు ఇది, 993, 997 లాంటివీ అంతే) వచ్చినప్పుడు కూడా ఇలాగే ఏడ్చారంట కదా, మరి ఈ ఏడుపుని సీరియస్‌గా తీసుకోవాలా వద్దా అని. రెండోది, డల్లాస్‌లో ఉన్న మీ అన్నయ్య అదే 996 పాతది ఒకటి కొందామనుకుంటున్నాడు, మిగతా 911 లకంటే చవగ్గా వస్తోంది, ఆ లైట్ల మూలంగానే చవకంటున్నారు, కొనొచ్చా అని. రెండూ ఒకే ప్రశ్న నిజానికి, ఎందుకో చివర్లో తెలుస్తుంది, కాస్త ఓపిక పట్టు, పెద్దగానే రాస్తా.

ముందు నేనెవర్నో చెప్పేస్తే సరిపోతుంది. పుట్టి పెరిగింది విజయవాడ, చిన్నప్పుడు సెలవలన్నీ ఆటోనగర్లో మావయ్య లేత్ షెడ్డులో గడిచిపోయాయి, ఇప్పుడు స్టుట్‌గార్ట్ పక్కన పద్దెనిమిదేళ్ళుగా కార్ల కంపెనీలకి పార్టులు చేసే చోట ఉద్యోగం, పోర్షేలో కాదు. ఆరేళ్ళ క్రితం 1999 మోడల్ 996 ఒకటి కొన్నా. లైట్లు హాఫ్ బాయిల్ లైట్లే, కావాలనే అవే చూసి కొన్నా, ఇంట్లో ఇప్పటికీ దాని మీద నాకు మాటలు పడుతూనే ఉంటాయి.

హాఫ్ బాయిల్ అని ఎందుకంటున్నానో తెలియని వాళ్ళకి: 996 హెడ్‌లైటు గుండ్రంగా ఉండదు, కింద భాగం జారిపోయినట్టు ఉంటుంది, ఆ జారిన చోట నారింజ రంగు ఇండికేటరు. పెనం మీద గుడ్డు కొడితే తెల్లసొన ఒక పక్కకి పాకి పచ్చసొన ఇంకో పక్కకి జరిగినట్టు. జర్మన్లు దీన్ని స్పీగల్ ఐ అంటారు, అంటే మన టిఫిన్ సెంటర్ హాఫ్ బాయిలే. పాతికేళ్ళు దాటినా ఆ పేరు పోలేదు.

మొదటిసారి ఈ బండేసుకుని పెట్రోల్ బంక్‌కి వెళ్ళిన రోజు, ఆదివారం పొద్దున్నే, పక్క పంపు దగ్గర ఒక పెద్దాయన 993 తో ఉన్నాడు. 993 అంటే 996 కి ముందుది, గాలితో చల్లబడే ఆఖరి 911. డెబ్బై ఉంటాయి ఆయనకి, నా బండి చుట్టూ ఒక రౌండ్ వేసి, ఏం మాట్లాడకుండా తన బండి దగ్గరకి వెళ్ళి డోరు తీసి వేసాడు, "ఠక్" మంది, తుపాకీ బోల్టు పడ్డట్టు. తర్వాత వచ్చి నా డోరు తీసి వేసాడు, "ధప్" మంది. నా వైపు చూసి "విన్నావుగా" అన్నాడు. అంతే, ఇంకేం చెప్పలేదు. అప్పుడు నాకు కోపం వచ్చింది గానీ ఆయన చెప్పింది రీడిజైన్ గొడవలన్నిట్లోకీ నిజాయితీగల మాట అని తర్వాత అర్థమైంది, ఎందుకంటే ఆయన హార్స్ పవర్ గురించి మాట్లాడలేదు, చేతికీ చెవికీ తగిలేదాని గురించి మాట్లాడాడు.

సరే అసలు ఆ మార్పు ఎందుకొచ్చిందో చూద్దాం. 911 ని మొదట చూపించింది 1963 ఫ్రాంక్‌ఫర్ట్ షోలో, అప్పుడు దాని పేరు 901, మధ్యలో సున్నా ఉన్న మూడంకెల పేర్లు మావి అని ఫ్రెంచ్ కార్ల కంపెనీ ప్యూజో వాళ్ళు అడ్డం పడితే 911 అయింది. రెండు లీటర్ల ఇంజను, 130 హార్స్ పవర్, ఆరు సిలిండర్లు అడ్డంగా పడుకుని ఉంటాయి, ఇంజను వెనక చక్రాల ఇరుసుకి కూడా వెనకాల వేలాడుతుంది, రేడియేటర్ లేదు, ఒక పెద్ద ఫ్యాను గాలి తోస్తుంది, మిగతా వేడి ఆయిలు మోసుకుపోతుంది. ఇదీ మూలం. ఇంజినీరింగ్ పుస్తకం ప్రకారం ఇంజను అక్కడ ఉండకూడదు. అయినా ఉంది, అదే దాని రుచి.

కంపెనీ వాళ్ళే దీన్ని చంపేద్దామనుకున్నారు ఒకసారి. 1977 లో 928 అని ముందు ఇంజను, వీ8, నీళ్ళ కూలింగ్ ఉన్న కారు తెచ్చారు, 911 స్థానంలో ఇదే అనుకున్నారు, అది 1978 లో యూరప్ కార్ ఆఫ్ ద ఇయర్ కూడా అయింది. మంచి కారు. జనం మాత్రం 911 నే అడిగారు. 1981 లో పీటర్ షుట్జ్ అనే ఆయన కొత్తగా సీఈఓ అయ్యాక, ఇంజినీర్ హెల్ముట్ బాట్ ఆఫీసు గోడ మీద ఒక చార్టు చూసాడంట, 928, ఇంకో పోర్షే 944, వీటి గీతలు ముందుకి సాగుతున్నాయి, 911 గీత 1981 దగ్గర ఆగిపోయింది, షుట్జ్ మార్కర్ తీసుకుని ఆ గీతని చార్టు దాటించి గోడ మీదకి లాగేసాడంట. ఆయనే తర్వాత చాలాసార్లు చెప్పుకున్న కథ. ఇది ఎందుకు చెప్తున్నానంటే, ఫ్యాన్స్ గోల ఎప్పుడూ ఉత్త గోల కాదు, ఒకసారి వాళ్ళ వల్లే ఆ కారు బతికింది. ఆ సంగతి వాళ్ళకీ తెలుసు, అందుకే ఇప్పటికీ మా మాట వినాలి అన్నట్టు మాట్లాడతారు.

ఇక 90 ల మొదట్లో కంపెనీ మునిగిపోయే స్థితి. 80 ల మధ్యలో ఏడాదికి 50 వేల కార్లు అమ్మిన వాళ్ళు 1993 కి వచ్చేసరికి 15 వేల లోపుకి పడిపోయారు. అప్పుడు వెండలిన్ వీడెకింగ్ కంపెనీ పగ్గాలు పట్టాడు, టొయోటాలో పనిచేసి బయటికొచ్చిన జపాన్ ఇంజినీర్లని ఫ్యాక్టరీకి పిలిపించాడు, వాళ్ళు చూస్తే షాపు ఫ్లోర్ నిండా మనిషి ఎత్తు అరలు, అరల నిండా పార్టులు, వర్కర్లు నిచ్చెనలెక్కి వెతుక్కుంటున్నారు. వీడెకింగ్ రంపం మెషిన్ పట్టుకుని ఆ అరల్ని సగానికి కోసేసాడు. ఆటోనగర్లో పెరిగినవాడిగా నాకు ఈ సీను కళ్ళకు కట్టినట్టు ఉంటుంది, మా మావయ్య షెడ్డులో కూడా ఏ సామాను ఎక్కడుందో మావయ్యకి తప్ప దేవుడికి కూడా తెలియదు.

ఆ డబ్బుల్లేని టైములో రెండు కొత్త కార్లు చెయ్యాలి, చిన్న చవక కారు బాక్స్‌స్టర్ ఒకటి, కొత్త 911 ఒకటి. వాళ్ళు చేసింది ఏంటంటే ముందు సగం ఒకటే చేసారు. బానెట్టు, ముందు రెక్కలు, హెడ్‌లైట్లు, డోర్లు, డ్యాష్‌బోర్డులో చాలా భాగం, రెండిటికీ అవే. బాక్స్‌స్టర్ ముందు 1996 లో వచ్చింది, అమెరికాలో 40 వేల డాలర్లకి ఒక ఇరవై తక్కువ. 996 అదే మొహంతో 1997 సెప్టెంబర్ ఫ్రాంక్‌ఫర్ట్ షోలో వచ్చింది, అక్కడ రేటు 65 వేల డాలర్లు. ఇప్పుడు ఆలోచించు, 25 వేల డాలర్లు ఎక్కువ పెట్టి కొన్నవాడు ట్రాఫిక్‌లో అద్దంలో చూసుకుంటే వెనక వస్తున్నది తనలాంటి 911 ఓ పక్కింటి కుర్రాడి బాక్స్‌స్టరో తెలీదు. ఇదే అసలు పుండు. "లైటు అందంగా లేదు" అన్నది పైకి చెప్పే మాట, లోపల మాట "నా కారు మొహం చవక కారుకి ఇచ్చేసారు" అన్నది. పెళ్ళిలో పెళ్ళికూతురు చీర లాంటిదే తోడికోడలు కట్టుకొచ్చినట్టు, చీర బాగాలేదని ఎవరూ అనరు, అసలు బాధ అది కాదు కదా.

దీనికి నా దగ్గర రుజువు కూడా ఉంది. 2000 లో 996 టర్బో వచ్చినప్పుడు దానికి వేరే లైట్లు పెట్టారు, కోపం సగం తగ్గింది. 2002 లో మామూలు 911 కి, అంటే కరెరాకి కూడా ఆ టర్బో లాంటి లైట్లే ఇచ్చేసారు. నిజం చెప్పాలంటే ఆ లైటు కూడా జారిన గుడ్డే, కాకపోతే బాక్స్‌స్టర్ గుడ్డు కాదు. 2004 లో 997 వచ్చేసరికి మళ్ళీ పాతకాలం లాగా గుండ్రంగా, ఇండికేటరు విడిగా కింద. అంటే కంపెనీ తప్పు ఒప్పుకున్నట్టే, నోటితో కాదు గానీ.

ఆ లైటుని చేత్తో పట్టుకుని చూస్తే మాత్రం నాకు దాన్ని తిట్టబుద్ధి కాదు. ముందు బూటు తీసి, కార్పెట్ పక్కకి తీస్తే ఒక బెజ్జం ఉంటుంది, దానికో రబ్బరు మూత. టూల్ కిట్‌లో వచ్చే స్పానరు అందులోకి పెట్టి తిప్పితే "టక్" మని గొళ్ళెం వదులుతుంది, లైటు మొత్తం పట్టాల మీద డ్రాయర్ లాగినట్టు ముందుకి వచ్చేస్తుంది. లో బీము, హై బీము, ఇండికేటరు, ఫాగ్ లైటు, అన్నీ ఒకే డబ్బాలో. ఫ్యాక్టరీలో వర్కరు దాన్ని ఒక్కసారి తోస్తే అయిపోయింది, నాలుగు లైట్లు విడివిడిగా బిగించి వైర్లు కలిపే పని లేదు. ఆ పెట్రోల్ బంక్ పెద్దాయన తర్వాత నాకు ఫ్రెండ్ అయ్యాడులే, ఒకరోజు ఆయన ముందు నిమిషంలో లైటు ఊడదీసి చేతిలో పెట్టా. తిప్పి తిప్పి చూసి "తెలివైన పనే, కానీ తెలివి అంతా ఫ్యాక్టరీ కోసం పెట్టారు, నా కోసం కాదు" అన్నాడు. ఇంతకంటే బాగా ఆ లైటు గురించి ఎవరూ చెప్పగా నేను వినలేదు.

ఇక నీళ్ళ సంగతి. అప్పట్లో ఎక్కువ ఏడ్చింది దీని మీదే, "నీళ్ళు పోసిన 911 అసలు 911 ఏ కాదు" అని. ఇక్కడ మాత్రం ఫ్యాన్స్ తప్పు, నేను మొహమాటం లేకుండా చెప్తా. పొగ రూల్స్ బిగుసుకుంటున్నాయి, దానికి సిలిండర్‌కి నాలుగు వాల్వులు కావాలి, నాలుగు వాల్వులు పెడితే వాటి మధ్య హెడ్డులో మిగిలే లోహం సన్నగా ఉంటుంది, వేడంతా అక్కడే కూర్చుంటుంది, బయట రెక్కల మీద ఎంత గాలి కొట్టినా ఆ సందులోకి పోదు, నీళ్ళయితే పోతాయి. పైగా రోడ్డు మీద సౌండు రూల్సు, ఇంజను చుట్టూ నీళ్ళ గోడ ఉంటే చప్పుడు కూడా మింగేస్తుంది. కంపెనీ ఇదేదో 1997 లో కనిపెట్టింది కాదు, 1986 నాటి 959 అనే పోర్షేలోనే హెడ్లకి నీళ్ళు, సిలిండర్లకి గాలి, నాలుగు వాల్వులు. 959 ని పూజిస్తూ 996 ని తిట్టేవాళ్ళని అడిగితే ఇక్కడ నీళ్ళు నములుతారు.

ఫలితం ఏంటో చూడు: ఆఖరి మామూలు 993 కరెరా 3.6 లీటర్లతో 285 హార్స్ పవర్, 996 చిన్న ఇంజను 3.4 లీటర్లతో 300. బండి 185 మిల్లీమీటర్లు పొడుగైంది, 30 మిల్లీమీటర్లు వెడల్పైంది, అయినా దాదాపు 50 కిలోలు తగ్గింది. 1999 లో రేసు డ్రైవరు వాల్టర్ రోర్ల్ 996 జీటీ3 ని, అంటే ట్రాక్ కోసం పదును పెట్టిన 911 ని, జర్మనీలోని నూర్బర్గ్‌రింగ్ రేసు ట్రాక్ లో 7 నిమిషాల 56 సెకన్లలో తిప్పాడు. ఆఖరి గాలి 911 1998 మార్చి 31 న లైను మీద నుంచి దిగింది. 993 లు మొత్తం 68 వేల చుట్టూ అమ్ముడైతే 996 లు 1,75,000 దాటాయి. తిట్టినోళ్ళు తిడుతూనే ఉన్నారు, కొన్నోళ్ళు కొన్నారు, తిట్టినోళ్ళలో కొందరు కూడా కొన్నారు.

అయితే 993 వాళ్ళ బాధ అబద్ధమని కూడా అనను. ఆ ఫ్యాను ఈల, వేడి ఆయిలు వాసన, నేలలోంచి లేచే పెడల్స్, ఇవన్నీ ఒకేసారి పోయాయి. మనవాళ్ళకి బుల్లెట్‌తో చెప్తే ఠక్కున అర్థమవుతుంది. పాత క్యాస్ట్ ఐరన్ ఇంజను పోయి యూసీఈ అనే కొత్త రకం ఇంజను వచ్చినప్పుడు, గేరు కుడికాలు నుంచి ఎడమకాలికి మారినప్పుడు, మన ఊళ్ళల్లో పెద్దాళ్ళు ఏమన్నారు, "ఆ డుగు డుగు పోయింది రా, ఇది బుల్లెట్ కాదు" అన్నారు. అక్కడా మూలం పొగ రూల్సే. కొత్త బుల్లెట్‌కి ఆయిలు కారదు, స్విచ్ నొక్కితే స్టార్టవుతుంది, అయినా మా బాబాయి దాన్ని చూసి మొహం తిప్పుకునేవాడు, కిక్కు కొట్టడం రాని ప్రతి వెధవా ఎక్కేస్తాడు కాబట్టి. ఆయన కోపం ఇంజను మీద కాదని నీకిప్పటికి అర్థమయ్యే ఉంటుంది.

ఇప్పుడు నేను చెప్పాలనుకున్న అసలు సంగతికి వస్తా. 1997 లో లైటు మీద అంత గోల, నీళ్ళ మీద అంత గోల, డ్యాష్‌బోర్డు ప్లాస్టిక్ మీద అంత గోల. కానీ 996 లో నిజంగా లోపం ఉన్నది వీటిల్లో ఎక్కడా కాదు, ఇంజను లోపల అరచేతిలో పట్టే ఒక బేరింగ్‌లో. దాని గురించి షో రోజున ఒక్కడూ నోరు తెరవలేదు, ఎలా తెరుస్తాడు, కనపడితే కదా.

అదెలా అంటే, ఇంజను తిప్పే క్రాంక్ నుంచి, వాల్వుల్ని తెరిచి మూసే క్యామ్ షాఫ్టుల్ని చైన్ల ద్వారా తిప్పడం కోసం మధ్యలో ఒక షాఫ్టు ఉంటుంది, ఇంటర్మీడియట్ షాఫ్ట్, అందరూ ఐఎంఎస్ అంటారు. ఈ ఇంజనులో దానికి గేర్‌బాక్స్ వైపు చివర ఒక సీల్డ్ బాల్ బేరింగ్ పెట్టారు, మన లేత్ షెడ్డుల్లో దొరికే రకమే, రెండు పక్కలా సీలు, లోపల గ్రీజు. వేడి ఆయిల్లో ఏళ్ళ తరబడి నానితే సీలు గట్టిబడుతుంది, ఆయిలు లోపలికి పోతుంది, గ్రీజు బయటికి కొట్టుకుపోతుంది, ఆ తర్వాత కొత్త ఆయిలు సరిగ్గా అందదు, గుళ్ళు అరగడం మొదలు. అది పూర్తిగా పోతే షాఫ్టు పక్కకి జరుగుతుంది, టైమింగ్ తప్పుతుంది, వాల్వులు వెళ్ళి పిస్టన్లకి కొట్టుకుంటాయి, ఇంజను అయిపోయింది. అన్ని కార్లకీ కాదు, ఎక్కువ కార్లకి ఏమీ కాలేదు. మొదట్లో వచ్చిన వాటిల్లో రెండు వరసల గుళ్ళ బేరింగు, అది కాస్త గట్టిది, తర్వాత 2000, 2001 ప్రాంతం నుంచి ఒకటే వరస పెట్టారు, ఎక్కువ పేచీ వాటితోనే. అమెరికాలో ఓనర్లు కేసు వేస్తే 2013 లో సెటిల్‌మెంట్ అయింది. టర్బో, జీటీ3, జీటీ2 ల్లో ఉన్నది వేరే ఇంజను, పోర్షే రేసు ఇంజన్లు చేసిన ఇంజినీర్ హాన్స్ మెట్జ్‌గర్ వంశానిది, వాటికి ఈ గొడవే లేదు.

ఇదొక్కసారి జరిగింది కూడా కాదు. 2013 లో 991 తరం జీటీ3 వచ్చినప్పుడు ప్రపంచం మొత్తం ఒకటే ఏడుపు, మాన్యువల్ గేరు లేదు, ఆటోమేటిక్ పీడీకే మాత్రమే ఇచ్చారు అని. 2014 లో ఏమైంది, కనెక్టింగ్ రాడ్డు బోల్టు వదులై రెండు కార్లు తగలబడితే, తయారైన 785 కార్లనీ నడపొద్దని చెప్పి అన్నిటికీ ఇంజన్లు మార్చారు. ఆ బోల్టు గురించి ఏ ఫ్యానూ ముందు మాట్లాడలేదు. అలాగని గేరు గొడవ దండగ కాదు, 2016 లో 911 ఆర్ అని మాన్యువల్‌తోనే, మొత్తం లెక్కపెట్టి 991 బళ్ళు చేస్తే ఎగబడి కొన్నారు, 2017 లో జీటీ3 కి మాన్యువల్ మళ్ళీ వచ్చేసింది. ఫ్యాన్స్ అడిగింది న్యాయమే, వాళ్ళకి దొరికింది కూడా.

కాబట్టి నా లెక్క ఇది. కంటికి, చేతికి, చెవికి తగిలే వాటి మీద ఫ్యాన్స్ మాట వినాలి, అందులో వాళ్ళు దాదాపు ఎప్పుడూ కరెక్టే, పదేళ్ళు వెంట ఉన్నవాడికి తెలిసినట్టు వేరే వాళ్ళకి తెలీదు. ఇది మంచి ఇంజనా కాదా, నిలబడుతుందా లేదా అన్నదాంట్లో మాత్రం షో అయిన మర్నాడు వాళ్ళ మాట మీ పక్కింటాయన మాట కంటే ఎక్కువ కాదు. నా మాట కూడా అంతే ఆ రోజుకి.

ఇప్పుడు 2024 మే లో వచ్చిన కొత్తదానికి ఇదే లెక్క వెయ్యి. ముందుగా ఒక తప్పు దిద్దాలి, 911 మొత్తం హైబ్రిడ్ అవ్వలేదు, మొదట వచ్చిన రెండిట్లో జీటీఎస్ ఒక్కటే హైబ్రిడ్, మామూలు కరెరా పెట్రోలే, 394 హార్స్ పవర్. జీటీఎస్ ది కూడా ప్లగ్ పెట్టి ఛార్జ్ చేసే రకం కాదు, బ్యాటరీ 1.9 కిలోవాట్ అవర్ అంతే, ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీ కంటే కాస్త పెద్దదనుకో. టర్బో షాఫ్టు మీద ఒక చిన్న మోటారు, అది ఎగ్జాస్ట్ గాలి కోసం ఆగకుండా టర్బోని తిప్పేస్తుంది, గేర్‌బాక్స్ లోపల ఇంకో మోటారు, ఇంజను 3.6 లీటర్లకి పెరిగింది, అన్నీ కలిపి 541 హార్స్ పవర్. పాత జీటీఎస్ కంటే 50 కిలోలు బరువు పెరిగింది, నూర్బర్గ్‌రింగ్ లో 8.7 సెకన్లు తగ్గింది. బరువు చూసి "ఇది 911 కాదు" అనేవాళ్ళు 1997 లో నీళ్ళని చూసి అన్నవాళ్ళ తాలూకే. ఈ మోటార్లు, ఆ బ్యాటరీ పదిహేనేళ్ళకి ఎలా ఉంటాయో, అది పదిహేనేళ్ళయ్యాకే తెలుస్తుంది.

మీటరు సంగతి వేరే. ఇన్నేళ్ళూ 911 లో కూర్చుంటే ఎదురుగా మధ్యలో పెద్ద గుండ్రటి ఆర్పీఎం మీటరు, దానికి అటూ ఇటూ మిగతావి, మొత్తం ఐదు. 996 లో కూడా దాన్ని ముట్టుకోలేదు, ఐదిటినీ ఒకదాని మీదకి ఒకటి ఎక్కించారు అంతే. 2018 నాటి 992 లో పక్కవి స్క్రీన్లయినా మధ్యలో నిజం ముల్లు మిగిలింది. ఇప్పుడదీ పోయింది, 12.6 అంగుళాల స్క్రీను వచ్చింది. స్క్రీన్ మీద పాత ఐదు మీటర్ల బొమ్మ పెట్టుకోవచ్చు అంటారు, ఫొటోకి దండ వేసినట్టే కదా అది. స్టార్ట్ బటన్ ఎడమ పక్కనే ఉంచారు, అదొక్కటి నయం, ల మాన్ రేసులో పరిగెత్తుకొచ్చి ఎక్కి ఎడమచేత్తో స్టార్ట్ చేసి కుడిచేత్తో గేరు వేసేవాళ్ళని, అందుకే తాళం ఎడమకి పెట్టారని చెప్పుకుంటారు. కానీ తిప్పడం వేరు, నొక్కడం వేరు. లిఫ్టులో కూడా నొక్కుతాం. ఈ రెండిటి మీద ఫ్యాన్స్ ఎంత అరిచినా నేను వాళ్ళ పక్షమే, హెడ్‌లైటు లాగా ఇవి కూడా ఎప్పుడో మెల్లగా వెనక్కి రావొచ్చు, అరవకపోతే మాత్రం రావు.

ఇంక మీ అన్నయ్య. రెండూ ఒకే ప్రశ్న అన్నా కదా, ఇక్కడా అంతే, కంటికి కనపడే లైటు మీద కాదు, లోపల కనపడని దాని మీదే అంతా ఉంది. ఆయన లైట్ల గురించి అడిగాడు, సరే, చవకే అంటే వాటి పుణ్యమే కొంత, అది మంచిదే. పైగా ఆ లైట్ల మీద మోజు మళ్ళీ మొదలవుతోంది, ఇక్కడ జర్మనీలో ముప్ఫై ఏళ్ళు నిండిన కారుకి నంబర్ చివర హెచ్ అక్షరం వస్తుంది, పాతకాలపు కారని ప్రభుత్వం ఒప్పుకున్నట్టు, మొదటి 996 లకి 2027 నుంచి వస్తుంది. నన్ను "గుడ్డు" అని పిలిచే ఆ పెద్దాయన కూడా మొన్న నీ బండి ఎప్పుడైనా అమ్మితే ముందు నాకు చెప్పు అన్నాడు, నవ్వుతూనే అన్నాడు గానీ రెండుసార్లు అన్నాడు.

అన్నయ్యకి ఇలా చెప్పు. రంగు, లైటు, సీట్లు, అన్నీ తర్వాత. ముందు బండి ఏ సంవత్సరానిది, బేరింగు మార్చారా, మారిస్తే బిల్లు ఉందా. ఆ బేరింగు మార్చాలంటే గేర్‌బాక్సు దించాలి, అందుకే తెలిసిన వాళ్ళు క్లచ్ మార్చేటప్పుడే అది కూడా మార్పించేస్తారు, కాబట్టి క్లచ్ బిల్లు ఉండి బేరింగు బిల్లు లేకపోతే ఎందుకని అడగమను. తర్వాత ఆయిల్ ఫిల్టర్. ఇందులో ఫిల్టర్ అంటే ప్లాస్టిక్ డబ్బాలో మడతల కాగితం, నేను కొనేముందు అమ్మేవాడి ముందే అది తీయించి, కత్తితో కోసి, మడతలన్నీ న్యూస్ పేపర్ మీద చీర పరిచినట్టు పరిచి, టార్చి వేసి చూసా. సన్నగా నల్లటి మడ్డి ఉంటే పర్లేదు, మెరిసే పొట్టు కనపడితే అయస్కాంతం దగ్గర పెట్టాలి, అంటుకుందంటే ఉక్కు, బేరింగు గుళ్ళదో ఇంకోదానిదో, ఆ బండి ఎంత చవకైనా వదిలెయ్యాలి. నాదాంట్లో ఏమీ లేదు, ఉత్త మడ్డే. సిలిండర్ గోడలు గీసుకుపోయే జబ్బు కూడా ఈ ఇంజన్లకి ఉంది, దానికి ప్లగ్గు తీసి కెమెరా దించి చూసే మెకానిక్ డల్లాస్‌లో దొరుకుతాడు, కొన్ని వందల డాలర్లు అవుతాయి, ఇంజను కంటే చవకే.

అమ్మేవాడు ఫిల్టర్ కొయ్యనివ్వనంటే అక్కడితో టీ తాగి వచ్చెయ్యమను.